ముందు చెరువు, తర్వాత ఇల్లు



పత్తిల గుంటుక తోలుడు అయిపోయింది. వాన కోసం మొగులు దిక్కు చూసుకుంట కూసున్న. జర తీరిక దొరికింది కాబట్టి, చాన రోజుల నుంచి మనసుల మసులుతున్న ముచ్చట ఒకటి రాస్తున్న. ఈసారి తెగుళ్లు, మందులు, మద్దతు ధర కాదు. ఇల్లు గురించి, ఇంటి చుట్టు ఉండేటి వసతుల గురించి, మన జనగామ, మానుకోట, భూపాలపల్లి దిక్కు ఆ వసతుల చరిత్ర గురించి. పొడుగు పోస్టే. ఎప్పటి లెక్కనే ఓపికతోని చదువుండ్రి. ఎందుకంటే ఇది ఇయ్యాల కాకుంటే రేపు మీ ఇంటికి కూడ వచ్చే ముచ్చటే.

మా చిన్నోడు హైదరాబాద్‌ల నౌకరి చేస్తడు. పెండ్లై నాలుగేండ్లైంది, కిరాయి ఇంట్ల ఉంటున్నరు. మొన్న ఉగాది పోయినంక ఫోన్ చేసి, "బాపు, ఘట్‌కేసర్ దాటినంక ఒక వెంచర్‌ల ఇల్లు చూసిన. నువ్వొచ్చి చూస్తే బయానా ఇద్దాం" అన్నడు. పైసలు ఎట్ల బిడ్డా అంటే కొంచెం సేపు ఆగి, "కొంత లోను వస్తది. మిగిలింది... రోడ్డు పక్క ఎకరం ఉన్నది గదా" అన్నడు.

ఆ ఎకరం వరంగల్ రోడ్డుకు కూతవేటు దూరంల ఉంటది. మా బాపు గడ్డపార పట్టి తవ్విన బాయి దాంట్లనే ఉన్నది. సరే, పిల్లల కంటె ఎక్కువనా అనుకొని నేను, మా ఇంటామె ఆదివారం పొద్దుగాల పుష్‌పుల్ ఎక్కి పోయినం.

ఇల్లు మంచిగనే ఉన్నది. 150 గజాల జాగ. స్టీలు గేటు, మొఖం కనపడే టైల్సు, వంటింట్ల గోడ నిండ అల్మారాలు. మా ఇంటామె వంటిల్లు చూసి మురిసింది. అమ్మే ఆయన కూడ మర్యాదస్తుడే. స్కూలు పది నిమిషాలు, దవఖాన పదిహేను నిమిషాలు, రింగురోడ్డు ఇరవై నిమిషాలు అని అన్ని నిమిషాల లెక్కల చెప్పిండు. నేను మూడు సంగతులు అడిగిన. ఈ ఇంటికి నీళ్లు ఏడికెల్లి వస్తయి? వాన నీళ్లు ఏడికి పోతయి? ఆడోళ్లు బతుకమ్మ ఏడ ఆడుతరు?

మూడో దానికి ఆయన నవ్విండు. మా కోడలు కూడ నవ్వింది.

నీళ్లకు బోరు ఉన్నదన్నడు. పక్కింటి అరుగు మీద ఒక పెద్దమ్మ కూసొని ఉన్నది. మెల్లగ ఆమెను అడిగిన. "ఎండకాలం ట్యాంకరే అయ్యా" అన్నది. వాన నీళ్లకు మోరీ లేదు, రోడ్డు వాలు ఎటుంటే అటు, ఇంకా ఇల్లు కట్టని ప్లాట్లల్లకు పోతయి. ఆ ప్లాట్లల్ల కూడ ఇండ్లు లేస్తే? దానికి జవాబు లేదు. ఇగ బతుకమ్మ జాగ. బ్రోచర్ల పచ్చరంగు ఏసి పార్కు అని రాసి ఉన్నది. చూద్దామని నడుచుకుంట పోతే ఆ జాగల ఎవలిదో ఇల్లు, స్లాబు పడి సెంట్రింగు కూడ ఇప్పిన్రు.

తిరిగొచ్చేటప్పుడు రైలు కిటికీ కాడ కూసున్న. బీబీనగర్, భువనగిరి, ఆలేరు, పెంబర్తి. పట్టాల పక్కపొంటి ఎక్కడ చూసినా కమాన్లే. లోపల హద్దురాళ్లు, గడ్డి. నాకు ఒకటే ఆలోచన. మన పెద్దలు ఊరు కట్టేటప్పుడు ముందు ఏం చేసిన్రు? మనం ఇప్పుడు ముందు ఏం చేస్తున్నం?

మన దిక్కు పాత లెక్క తెలుసుకోవాలంటే కాకతీయుల కాడికి పోవాలె. గణపతిదేవుడు ఓరుగల్లు ఏలినప్పుడు ఆయన సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటల గుడి కట్టించిండు. మనం రామప్ప గుడి అనుకునేది అదే. దాని శాసనం 1213 నాటిది. 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు అందరం గుడి ఫోటోలు పెట్టుకున్నం. గుడి పక్కనున్న చెరువును ఎంతమంది చూసిన్రు? ఎనిమిది వందల ఏండ్లు దాటినా రామప్ప చెరువు కింద ఇప్పటికీ వరి పారుతున్నది. భూపాలపల్లి జిల్లా గణపురం పోతే కూడ అదే జోడు. ఒక దిక్కు కోటగుళ్లు, ఇంకో దిక్కు పెద్ద చెరువు. చెరువు, గుడి, ఊరు మూడు కలిపి ఆలోచించిన్రు వాళ్లు. మన రాతినేల మీద చెరువు లేని కాడ ఊరు నిలవదని ఎరుక. ఎందుకంటే చెరువు నిండితే చుట్టుపక్క బాయిలల్ల ఊట ఉంటది. చెరువంటే పొలానికే కాదు, ఇంట్ల కుండకు కూడ అదే ఆధారం.

ఇగ మన తాతల కాలం ఊరు. ఊరి నడుమ బొడ్రాయి. దాని చుట్టు వాడలు. చేదబాయి, చావడి, పోచమ్మ గుడి, బందెల దొడ్డి, పశువులు మేసే బంచరాయి, చెరువు శిఖం, వాగు ఒడ్డుకు బొందలగడ్డ. ఇవన్ని ఉత్తగ నోటి మాటలు కావు. పాత పహాణీలు తీసి చూడుండ్రి. శిఖం, గైరాన్, బంచరాయి, ఆబాది అని సర్వే నంబర్లతోని రాసి ఉంటయి. ఇయ్యాల వెంచరోళ్లు బ్రోచర్ల "వసతులు" అని రాసేవి మన పహాణీల ఎప్పుడో ఉన్నయి. అందరికి పనికొచ్చే జాగను పట్టా కాకుండ పక్కకు పెట్టుడు మన ఊర్లకు కొత్త కాదు.

కాని ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలె. ఆ వసతులు అందరియి కావు. ఊరి నడుమ చేదబాయి కాడికి అందరిని రానియ్యలె. ఊరి చివర మాదిగవాడ, మాలవాడ. వాళ్లకు బాయి లేకుంటే ఎవలన్న కనికరించి పోస్తేనే బిందె నిండేది. అంటే ఊరవతల ఇల్లు అనేది ఆనాడు శిక్ష. నీళ్లకు దూరం, బాటకు దూరం, బడికి దూరం. ఇయ్యాల మనం లక్షలు పోసి పట్నం అవతల ఇల్లు కొంటున్నం. అదే నీళ్ల కరువు, అదే బురద బాట. పైసలిచ్చి కొనుక్కుంటున్నం, గంతే తేడ. వాడోళ్లు తరాల తరబడి పడ్డ గోస ఏందో మనకు ఇప్పుడన్న సమజ్ కావాలె.

వసతులన్ని ఒక్క ఇంటి చుట్టు చేరితే ఎట్లుంటదో చెప్పేది గడి. మన జనగామ తాలూకా అప్పుడు నల్గొండ జిల్లల ఉండె. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 60 ఊర్లు, 40 వేల ఎకరాలు ఉండెనని చరిత్ర పుస్తకాలల్ల రాసిన్రు. గడి అంటే ఎత్తు గోడలు, పెద్ద దర్వాజ, ధాన్యం గుమ్ములు. ఆ గడికి నీళ్లు ఎట్ల వచ్చినయి? పైపు లేదు, మోటరు లేదు. వెట్టి మనుషుల నెత్తి మీద వచ్చినయి. కట్టెలు, ఊడ్చుడు, ఉతుకుడు, పల్లకి మోసుడు అన్ని వెట్టే. గడికి వసతి అంటే ఊరి మనుషులే.

పాలకుర్తి చిట్యాల ఐలమ్మ కౌలు పొలం చేసుకొని పండిస్తే, ఆ పంట మీదికి దేశ్‌ముఖ్ మనుషులు వచ్చిన్రు. సంఘపోళ్లు అడ్డం నిలబడి పంటను ఆమె ఇంటికి చేర్చిన్రు. తర్వాత ఆమె ఇల్లు కాలబెట్టిన్రు. 1946 జులై 4న కడవెండిల సంఘం ఊరేగింపు గడి దిక్కు వచ్చినప్పుడు గడోళ్లు తుపాకులు కాల్చిన్రు. దొడ్డి కొమరయ్య అక్కడనే పానం ఇడిసిండు. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడికెల్లి అంటుకున్నది. భూమి కోసం లడాయి అని మనం చదువుకున్నం, నిజమే. కాని నీళ్లు, బాట, పని మనుషులు అన్ని ఒక్క ఇంటికే చెందుడు మీద కూడ ఆ లడాయి జరిగింది. ఒక్కటే ఇల్లు బాగుండి చుట్టు ఊరు ఎండిపోతే ఆ ఇల్లు నిలవదని కడవెండి చెప్పింది.

తర్వాత రైలు. వరంగల్ దాక పట్టాలు 1886ల వచ్చినయి. 1889 నాటికి బెజవాడకు కలిసినయి. మానుకోటను మహబూబాబాద్ అని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీదనే పిలుస్తున్నరు. ఈ లైను మీద స్టేషన్ పడ్డ కాడ ఊర్ల రూపమే మారింది. అప్పటిదాక ఊరు చెరువును చూసి పెరిగింది, ఇగ స్టేషన్ దిక్కు పెరగవట్టింది. స్టేషన్ కాడ గోదాము, గోదాం కాడ అడ్తి దుకాణం, దుకాణం కాడ హోటలు, హోటలు ఎనుక ఇల్లు. జనగామ గట్లనే, మానుకోట గట్లనే. కేసముద్రం మార్కెట్‌కు పంట తీసుకపోయినోళ్లకు చెప్పాల్సిన పని లేదు. స్టేషన్ పక్కన అంగడి ఉంటే రైతుకు ఎంత ఆసరనో మనకు తెలుసు. డోర్నకల్ కాడ ఇంకో కొమ్మ చీలి ఇల్లందు బొగ్గు దిక్కు పోయింది. ఇల్లందుల బొగ్గు తీసుడు 1889ల మొదలైంది. బొగ్గు కోసం లైను, లైను కోసం ఊరు. అంటే ఇంటి చుట్టు వసతి ఏముండాలె అనేది ఊరి మనుషుల చేతుల నుంచి సర్కారు, కంపెనీల చేతులకు పోయింది.

ఇప్పుడు కొంచెం సేపు హైదరాబాద్ పోదాం. మన పిల్లలు కొనే ఇండ్ల సంగతి అక్కడి నుంచే మొదలైతది కాబట్టి.

1908 సెప్టెంబర్ 28న మూసీ నదికి పెద్ద వరద వచ్చింది. వేల మంది కొట్టుకపోయిన్రు. అవతల మూడేండ్లకు ప్లేగు. ఇరుకు గల్లీలు, మురికి నీళ్లు, గాలాడని ఇండ్లు. అప్పుడు నిజాం సర్కారుకు తెలివొచ్చింది. 1912ల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిన్రు. రోడ్లు వెడల్పు చేసుడు, ఇరుకు బస్తీలు తీసుడు, మార్కెట్లు, తక్కువ జీతపోళ్లకు కొత్త ఇండ్లు. అటు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతోని మూసీకి అడ్డం గండిపేట చెరువు కట్టిన్రు. అది 1920ల పూర్తయింది. ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ 1927ల అయింది. వరదకు అడ్డం, తాగనీకె నీళ్లు, తర్వాత నేల కింద డ్రైనేజీ. బస్తీలు తీసేసినప్పుడు గరీబోళ్లకు అందరికి మళ్ల జాగ దొరికిందని నేననను. కాని ఇల్లు, నీళ్లు, మోరీ ఒక్క పనే అని ఆ బోర్డు గుర్తించింది.

ఆ బోర్డు పని ముందుకు పోయి 1960ల హౌసింగ్ బోర్డు అయింది. బాగ్‌లింగంపల్లి, కూకట్‌పల్లి అసొంటి కాడ కాలనీలు అట్ల లేసినయి. కేపీహెచ్‌బీ అని మన పోరగాళ్లు హాస్టళ్లల్ల ఉండే జాగ ఉన్నది సూడుండ్రి, ఆ పేరుల కూడ హౌసింగ్ బోర్డే ఉన్నది. ఆ ఇండ్లు కట్టినప్పుడు అవి కూడ పట్నం అవతలనే. ఇండ్లు చిన్నయే. మన దొడ్డంత లేవు కొన్ని. కాని కాగితం మీద గీత గీసేటప్పుడే బడికి ఇంత, పార్కుకు ఇంత, దుకాణాలకు ఇంత అని పెట్టిన్రు. అందుకే పాతబడ్డా ఆ కాలనీల ఇల్లుకు గిరాకీ తగ్గలె.

భూపాలపల్లిది ఇంకో కథ. నా చిన్నతనంల భూపాలపల్లి అంటే అడివిల ఊరు. సింగరేణి బాయిలు వచ్చినంక రాత మారింది. కాకతీయ ఖని అని పేరు పెట్టిన్రు, కేటీకే బాయి అంటరు జనం. బాయిలతోని క్వార్టర్లు వచ్చినయి. మంజూర్‌నగర్ల సింగరేణి దవఖాన వచ్చింది. చెల్పూరుల కరెంటు ఫ్యాక్టరీ పెట్టిన్రు. 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010ల, 600 మెగావాట్లది 2016ల. దాని ఉద్యోగులకు ఇంకో కాలనీ. మా మేనబావ బాయిల పనిచేసిండు. ఆయన క్వార్టర్‌కు పోతే రెండు గదులే గని నల్ల వస్తది, కరెంటు ఉంటది, రోగమొస్తే కంపెనీ దవఖాన, పిల్లలు ఆడనీకె గ్రౌండు. మా ఊర్ల నాలుగు గదుల ఇల్లున్న నాకు ఆ వసతి లేకుండె. నిజం చెప్తున్న, కుళ్లుకున్న.

కాని ఆయన రిటైరైన రోజు క్వార్టర్ తాళం అప్పజెప్పాలె. ముప్ఫై ఏండ్లు ఉన్న ఇల్లు. చేతుల పెట్టిన జామచెట్టు అక్కడనే ఇడిసిపెట్టి, వచ్చిన పైసలతోని ఊరి చివర ప్లాట్ కొన్నడు. ఆ ప్లాట్ కాడికి నల్ల లేదు. వరంగల్ ఆజంజాహి మిల్లు కథ కూడ గట్లనే అయింది. మన పత్తి తిన్న మిల్లు అది. 1934ల పెట్టిన్రు, 2002ల మూతపడ్డది. మిల్లు చుట్టు పెరిగిన కార్మికుల బతుకు మిల్లుతోనే కూలింది. కొత్త కాలనీలకు ఆ మిల్లు భూములే ప్లాట్లైనయి. కంపెనీ వసతి మంచిదే, కాని అది నౌకరికి కట్టేసిన వసతి. నౌకరి పోతే ఇల్లే కాదు, చుట్టున్నయి కూడ పోతయి.

ఇగ మన కాలం. 2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలైనయి. కలెక్టరాఫీసులు వచ్చినయి. రోడ్డు పక్క ఎకరం ధర చూసి మనకే కండ్లు తిరిగినయి. వెంచరోళ్లు చెప్పులు అరిగేటట్టు తిరిగిన్రు. మనం అమ్మినం. నేను కూడ అమ్మిన.

ఇక్కడ లెక్క చెప్పాలె. ఎకరం అంటే 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. పద్ధతిగ లేఅవుట్ చేస్తే రోడ్లకు జాగ పోవాలె. పార్కు అసొంటి ఖాళీ జాగకు మామూలుగ పదో వంతు, అంటే ఎకరానికి 484 గజాలు. ఆ రోడ్లు, ఆ ఖాళీ జాగ పంచాయతీకో మున్సిపాలిటీకో రాసియ్యాలె. గజం పది వేలనుకుంటే ఆ 484 గజాలు 48 లక్షల 40 వేలు. ఇప్పుడు అర్థమైందా పార్కు ఎందుకు మాయమైతదో? పచ్చరంగు ఏసి అమ్మకం మొదలుపెడుతరు. ప్లాట్లన్ని అమ్ముడుపోయినంక, పంచాయతీకి రాసియ్యని ఆ జాగను కూడ రెండు ముక్కలు చేసి అమ్ముతరు. అందరు గట్ల కాదు. పద్ధతిగ చేసేటోళ్లు కూడ ఉన్నరు. కాని ఎవలు ఎట్లనో కమాన్ చూస్తే తెల్వదు.

దీని బిల్లు చివరకు ఎవలు కడుతరో కూడ చూడుండ్రి. 2020 ఆగస్టుల అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపిన్రు. వెంటనే ఎల్‌ఆర్‌ఎస్ తెచ్చిన్రు. వెయ్యి రూపాయలు కట్టి రాష్ట్రమంత కలిపి దాదాపు 25 లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నరు. ఆ రూల్ల ఒక ముక్క ఉన్నది. లేఅవుట్‌ల పదో వంతు ఖాళీ జాగ ఇడువకుంటే, ప్లాట్ కొన్నాయన రిజిస్ట్రేషన్ నాటి ప్లాట్ విలువల 14 శాతం కట్టాలె. నాలుగు లక్షల విలువ మీద రిజిస్ట్రేషన్ అయిన ప్లాట్‌కు 56 వేలు. క్రమబద్ధీకరణ ఫీజు దానికి వేరే. పార్కు ఇడువనిది అమ్మినాయన. పైసలు కట్టేది కొన్నాయన. కట్టినంక కూడ ఆ వీధిల పార్కు రాదు, ఎందుకంటే జాగనే లేదు.

ఈ ముక్క నాకు ఎట్ల తెలిసిందంటే, ఒక సారు నా ఇంటికి వచ్చి చెప్పిండు. బడిపంతులు. నేను అమ్మిన భూమిల పడ్డ వెంచర్‌ల ఆయన ప్లాట్ కొన్నడు.

చాన ఏండ్ల కింద, మా బిడ్డ పెండ్లి అప్పు తీర్చనీకె రోడ్డు దిక్కు 20 గుంటలు అమ్మిన. పక్కోళ్లు కూడ అమ్మిన్రు. అన్ని కలిపి ప్లాట్లు చేసిన్రు. ఆ భూమిల నుంచి ఒక చిన్న కాల్వ పోయేది. పైనున్న చెలకల వాన నీళ్లు ఆ కాల్వ పట్టుకొని మా ఊరి కుంటల పడేటియి. కాగితాల మీద ఆ కాల్వ లేదు. మా తాతల నుంచి పోతున్నది, గంతే. కొన్నాయన మొరం పోసి చదును చేస్తుంటే నేను గట్టు మీద నిలబడి చూసిన. ఒక్క మాట అనలె. పైసలు ముట్టినయి గదా, మనకెందుకు అనుకున్న.

2015 తర్వాత మిషన్ కాకతీయల ఆ కుంట పూడిక తీసిన్రు. అందరం ట్రాక్టర్లు పెట్టి మట్టి చేన్లకు తోలుకున్నం. కుంట లోతైంది. కాని నీళ్లు రాలె. కాల్వ ప్లాట్ల కింద పడుకొని ఉన్నది, నీళ్లు యాడికెల్లి వస్తయి? దేవాదుల నీళ్లు మా దిక్కు అందినప్పుడు కొంత నయం, లేనప్పుడు మా బాపు తవ్విన బాయి కూడ మాఘం దాటితే అడుగు కనపడుతది. ఇంకో దిక్కు, పెద్ద వాన పడితే ఆ నీళ్లు కాల్వ లేక ప్లాట్లల్ల నిలబడుతయి. ఆ సారు ఇంట్ల మోకాలు మంటి నీళ్లు వచ్చినయట. పైన నా బాయి ఎండింది, కింద ఆయన ఇల్లు మునిగింది. రెండింటికి కారణం ఒక్కటే కాల్వ. అమ్మిన కాగితం మీద సంతకం నాది.

ఆ సారు నన్ను తిట్టలె. 14 శాతం సంగతి చెప్పి, పాత నక్షల కాల్వ ఉన్నదా అని అడిగి, చాయ్ తాగి పోయిండు. తిట్టినా మంచిగుండు.

అందుకే ఘట్‌కేసర్ కాడ ఆ ఇల్లు చూసినప్పుడు నాకు టైల్సు కనపడలె. ఆ జాగ అమ్మిన రైతు కనపడిండు. ఆయన కూడ నా లెక్కనే గట్టు మీద నిలబడి చూసి ఉంటడు.

తమ్ముళ్లారా, చరిత్రంత చెప్పి నేను అనేది ఇదే. ఇంటి ధర ఇంట్ల ఉండదు. ఇంటి బయట, ఎవల పట్టా కాని జాగల ఉంటది. చెరువు, కాల్వ, బాట, మోరీ, బడి, బొందలగడ్డ, బతుకమ్మ ఆడే బయలు. కాకతీయులు దాన్ని ముందు పెట్టిన్రు కాబట్టి ఎనిమిది వందల ఏండ్లు నిలిచింది. గడి దాన్ని మింగింది కాబట్టి కూలింది. కంపెనీ కిరాయికి ఇచ్చినట్టు ఇచ్చి వాపస్ తీసుకున్నది. ఇప్పుడు మనం దాన్ని గజాల లెక్కన అమ్ముకుంటున్నం.

పిల్లల కోసం ఇల్లు చూడబోయేటోళ్లు ఈ పనులు చేయుండ్రి. లేఅవుట్ అనుమతి కాపీ తెప్పించుకొని, పార్కు అని ఉన్న జాగల మీరే పోయి నిలబడుండ్రి. ఆ జాగ, రోడ్లు పంచాయతీ పేరు మీదికి రిజిస్టర్ అయినయా లేదా కాగితం అడుగుండ్రి. రెరా నంబర్ ఉంటే చూసుకోండ్రి. గ్రామ పంచాయతీ ముద్ర ఒక్కటి చూపిస్తే నమ్మకుండ్రి. ఎండకాలం ఒక్కసారి, పెద్ద వాన పడ్డ తెల్లారి ఒక్కసారి పోయి చూడుండ్రి. అమ్మేటాయనను కాదు, పక్కింటి ముసలామెను అడుగుండ్రి.

భూమి అమ్మేటోళ్లకు కూడ ఒక మాట. అమ్ముకునుడు తప్పని నేననను. బిడ్డ పెండ్లి ఉంటది, దవఖాన ఖర్చు ఉంటది, అప్పు ఉంటది. కాని కాల్వ ఉంటే కాల్వ ఉన్నదని కాగితంల రాయించుండ్రి. అమ్మకముందే ఊర్ల నలుగురిని పిలిచి చూపించుండ్రి. కాగితం మీద లేనిది మొరం కిందికి పోతది.

మా చిన్నోడు మూడు వారాలు సరిగ మాట్లాడలె. "ఇగ కొన్నట్టే, నీ బతుకమ్మ జాగ కోసం చూసుకుంట కూసుంటే రేట్లు పెరుగుతయి" అన్నడు. వాని బాధ నాకు తెల్వదా? కిరాయి ఇంట్ల చంటిపిల్లతోని ఉంటున్నరు. నాలుగో వారం వాడే ఫోన్ చేసిండు. "బాపు, ఒక పాత కాలనీల ఇల్లున్నది. 80 గజాలే, చిన్నది. మున్సిపల్ నల్ల ఉన్నది. గల్లీ చివర గ్రౌండ్ ఉన్నది, ఆడోళ్లు బతుకమ్మ ఆడుతరట, అడిగిన" అన్నడు. నేను ఏం మాట్లాడలె. మా ఇంటామె ఫోన్ గుంజుకొని, వంటిల్లు ఎట్లుంది అని అడిగింది.

అది కొంటమా లేదా ఇంకా తేలలె. దానికి ఎకరం మొత్తం అక్కర లేదు. కొన్ని గుంటలు అమ్మితే సరిపోతదేమో. అడిగినోళ్లకు ఒకటే షరతు చెప్తున్న. బాయి పక్క నుంచి కుంట దిక్కు పది ఫీట్ల కాల్వ ఇడిసి నక్ష గీయాలె, అది పంచాయతీకి రాసియ్యాలె. ఇద్దరు విని రేటు తగ్గించి చెప్పిన్రు. ఒకాయన మళ్ల ఫోనే చేయలె.

మొన్న మాత్రం ఆ పంతులు సారును పిలిచిన. ఇద్దరం కలిసి పాత కాల్వ యాడికెల్లి పోయేదో గట్టు నుంచి కుంట దాక నడిచి చూసినం. సగం దాక జాడ దొరికింది. మిగిలిన సగం మీద మూడు ఇండ్లున్నయి. ఆ ఇండ్లోళ్లతోని కూసొని మాట్లాడాలె. రోడ్డు పక్కపొంటి మోరీ లెక్క తిప్పితే అయితదేమో అని సారు అంటున్నడు. వచ్చే గ్రామసభల పెడుతం.

మీ ఊర్లల్ల కాల్వలు, బంచరాయిలు ఎంత మిగిలినయో ఒక్కసారి నడిచి చూడుండ్రి. పాత పహాణీ చేతుల పట్టుకొని చూస్తే ఇంకా మంచిది.

వాన పడేటట్టే ఉన్నది. ఉంట మరి.